జహీరాబాద్ నాటు విత్తనాల గది: ఒక ఏడాది పని డైరీ

ఏప్రిల్ 6

సేకరణ అయిపోయింది. ఝరాసంగం, రాయికోడ్, న్యాల్‌కల్ మండలాల ఊళ్ళ నుంచి 14 నమూనాలు చేరాయి. జొన్న 5, కంది 4, కొర్ర 3, సామ ఒకటి, వలిసెలు ఒకటి. కొన్ని ఈత బుట్టలో వేపాకుతో వచ్చాయి, కొన్ని బూడిద కలిపి, ఒక కంది ఎర్రమట్టి పట్టించి. ఎర్రమట్టి పట్టించిన దానిలో ఒక్క పుచ్చు గింజ కూడా కనిపించలేదు. ప్లాస్టిక్ కవర్లో మూతి కట్టి దాచిన కంది మాత్రం సగానికి సగం పుచ్చిపోయింది.

నమూనాతోపాటు రాసుకున్నవి: ఊరు, ఎర్ర నేలా నల్ల నేలా, ఏ కార్తెలో వేస్తారు, ఎన్నేళ్ళుగా ఇంట్లో ఉంది, వేటితో కలిపి సాళ్ళు పెడతారు, రొట్టె సాగుతుందా విరుగుతుందా, చొప్ప పశువులు తింటాయా. ఈ చివరి రెండూ రాయకుండా గింజ ఒక్కటే దాస్తే, ఇరవై ఏళ్ళ తరవాత డబ్బా తీసినవాళ్ళకి అది ఎందుకు కావాలో తెలియదు.

పచ్చజొన్న అనే పేరుతో రెండు నమూనాలు వచ్చాయి. ఒకదాని కంకి విచ్చుకుని వదులుగా ఉంటుంది, రెండోది ముద్దకంకి. పేరు ఒకటే కదా అని కలిపేస్తే రెండూ పోతాయి. అందుకే పేరు పేరుగానే ఉంచి, గుర్తింపు మాత్రం నంబరుకి ఇచ్చాం: జొ-01, జొ-02. చీటీ ఒకటి సంచి లోపల, ఒకటి బయట. రెండూ పెన్సిల్‌తోనే. పెన్ను సిరా తేమకి పాకిపోతుంది, మార్కర్ రెండేళ్ళకి వెలిసిపోతుంది.

ఏప్రిల్ 25

మొలక పరీక్షలు. ఒక్కో నమూనాకి 50 గింజల చొప్పున నాలుగు వరసలు, తడిపి పిండిన కాగితం చుట్టలో పెట్టాం. 4వ రోజు ఒక లెక్క, 10వ రోజు చివరి లెక్క. వేరూ మొలకా రెండూ బాగున్నదాన్నే మొలకగా లెక్కపెట్టాలి. వేరు లేకుండా తెల్లగా ఉబ్బినదాన్ని కూడా కలుపుకుంటే శాతం పెరుగుతుంది, చేలో మొక్క మాత్రం లేవదు.

జొన్నల్లో నాలుగు 88 నుంచి 95 శాతం మధ్య వచ్చాయి. జొ-03 మాత్రం 54. దాన్ని ఈ ఏడాదే చేలో పెట్టి కొత్త విత్తనం తీయాలి, వాయిదా కుదరదు. ఎఫ్ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) 2014 విత్తన నిల్వ ప్రమాణాల ప్రకారం మొదట్లో ఉన్న మొలక శాతంలో 85 శాతం కంటే కిందికి దిగగానే పునరుత్పత్తి చేయాలి. మిగిలిన 54 శాతంతో మొక్కలు వస్తాయి కదా అనిపిస్తుంది. కానీ చచ్చిన 46 శాతం ఏవో గుడ్డిగా చచ్చినవి కాకపోవచ్చు. నిల్వలో తొందరగా చచ్చే గుణమున్న మొక్కల సంతానమే ఎక్కువగా పోయి ఉండొచ్చు. అప్పుడు మిగిలేది మొదటి రకం కాదు, దానిలో ఒక ముక్క.

క-02 కందిలో 31 గింజలు 10వ రోజుకి కూడా నీళ్ళు పీల్చకుండా రాళ్ళలా ఉన్నాయి. ఇవి చచ్చినవి కావు. బ్లేడుతో పొట్టు మీద చిన్న గాటు పెట్టి మళ్ళీ తడిపితే 27 మొలిచాయి. ఈ గాటు మొలక ముక్కు ఉన్న వైపు పడకూడదు.

బాగా ఎండిన కందిని నేరుగా తడి కాగితంలో పెడితే నీళ్ళు ఒక్కసారిగా దూకి పప్పుబద్దలు చిట్లుతాయి, ఉన్న మొలక శాతం కంటే తక్కువ చూపిస్తుంది. ముందు ఒక రోజు నీళ్ళ గిన్నె పైన జల్లెడలో ఉంచి, డబ్బా మూత పెట్టి, గాలి తేమ పట్టించాకే పరీక్షకి దింపాలి.

మే 3

ఎన్ని మొక్కలు పెట్టాలన్న లెక్క తేలింది. ఒక నాటు రకంలో 20 మొక్కలకి ఒకటి చొప్పున కనిపించే లక్షణం ఉందనుకుందాం. 20 మొక్కలే పెంచితే ఆ లక్షణం ఒక్కదానిలోనూ లేకుండా జారిపోయే అవకాశం 36 శాతం. 59 మొక్కలైతే 5 శాతం లోపు. 100 దాటితే ఒక శాతం కూడా ఉండదు. పెరటి మడిలో పది కంకులు కోసి దాచుకోవడం చాలా ఊళ్ళలో ఉన్న పద్ధతే. మూడు నాలుగుసార్లు అలా చేస్తే రకం సన్నగిల్లిపోతుంది.

జొన్నకి 160 మొక్కలు లక్ష్యంగా పెట్టుకున్నాం. సాలుకీ సాలుకీ 45 సెంటీమీటర్లు, మొక్కకీ మొక్కకీ 15. నాలుగు మీటర్ల సాలులో 26, 27 మొక్కలు పడతాయి, ఆరు సాళ్ళు చాలు. జొ-03కి గింజల లెక్క వేరు: మొలక 54 శాతం, అందులో నేల మీదికి లేచేవి 80 శాతం అనుకుంటే 160 మొక్కలకి 370 గింజలు. నష్టాలకి కలుపుకుని 450 తీశాం.

14 నమూనాలనీ ఈ ఏడే వేయాలన్న ఉత్సాహాన్ని ఆపుకోవలసి వచ్చింది. మొలక బాగున్నదాన్ని చేలో వేయడమంటే పరాగం కలవడానికి, పిట్టలకి, పొరపాటు చీటీకి ఒక అవకాశం ఇవ్వడమే. సరిగా ఎండబెట్టి దాస్తే పదేళ్ళ వరకు వేయనక్కర్లేదు. ఈ ఖరీఫ్‌కి ఐదే: జొ-02, జొ-03, కొ-01, క-02, వలిసెలు.

జూన్ 12

మృగశిర రెండో వానకి విత్తాం. గొర్రుతో కాకుండా చేత్తోనే. గొర్రుకి గింజలు పోసే జడ్డిగంలో మిగిలిన పాత గింజ ఒక్కటి చాలు. రెండు జొన్నల మధ్య కొర్ర మడి పెట్టాం. అది పరాగాన్ని ఆపదు, కానీ కోతప్పుడు కంకులు కలిసిపోకుండా కాపాడుతుంది.

పోయినేడు జొన్న వేసిన మడి వదిలేశాం. రాలిన గింజ మొలిచి సాళ్ళలో కలిస్తే పసితనంలో గుర్తుపట్టడం ఎవరి తరమూ కాదు.

జూన్ 27

ఇప్ప గింజలు ఒక సంచి వచ్చాయి, విత్తన గదిలో దాచమని. వీటిని జొన్నలా దాచలేం. ఇప్ప గింజ ఎండితే చస్తుంది, చల్లబెట్టినా చస్తుంది. వారాల్లోనే మొలక పడిపోతుంది. అడవి చెట్లలో ఇలాంటివి చాలా ఉన్నాయి, గుగ్గిలం కూడా అంతే. వేప జొన్నకీ ఇప్పకీ మధ్యరకం, కొంత ఎండకి ఓర్చుకుంటుంది. ఇలాంటివాటికి డబ్బా పనికిరాదు, చెట్టే నిల్వ. గింజల్ని అదే రోజు పండు గుజ్జు కడిగి, తడి ఇసుక సంచుల్లో నాటాం. ఏ చెట్టు కింద ఏరినదో చెట్టువారీగా నంబరు వేయించాం. ఒకే చెట్టు కింద ఏరిన సంచెడు గింజలతో వనం పెంచితే మొత్తం ఒకే తల్లి పిల్లలవుతాయి. కనీసం 25, 30 చెట్ల కింద, ఒకదానికొకటి దూరంగా ఉన్నవాటి కింద ఏరి, సమంగా కలపాలి.

ఆగస్టు 19

ఈ రోజు మొత్తం ఏరివేత గురించే నడిచింది, ఈ ప్రాజెక్టులో అసలు కష్టం ఇక్కడుంది.

జొ-02లో 154 మొక్కలు నిలిచాయి. 11 మొక్కలు తేడాగా ఉన్నాయి. నాలుగింటి ఆకు మధ్య ఈనె తెల్లగా కాకుండా పాలిపోయిన పచ్చగా ఉంది. ఐదింటికి కాండం అడుగున ఊదారంగు. రెండు మొక్కలు మిగతావాటి భుజం దాకా కూడా లేవలేదు, అప్పుడే పొట్ట మీద ఉన్నాయి. విత్తన కంపెనీ పద్ధతిలో అయితే 11నీ పీకేయాలి. రకం శుద్ధి అంటే వాళ్ళ లెక్కలో అందరూ ఒకేలా ఉండడం.

నాటు రకానికి ఆ కొలత పెడితే దాన్ని దాచే పేరుతో చంపినట్టే. వాన ఆలస్యమైన ఏడు నిలబడేది, మొవ్వు ఈగ వచ్చిన ఏడు బతికేది ఆ తేడా మొక్కల్లోనే ఉండొచ్చు. నాటు రకం ఇచ్చే భద్రత ఆ లోపలి వైవిధ్యమే. అందుకని ఒక ప్రశ్న పెట్టుకున్నాం: ఇది రకం లోపలి తేడానా, బయటినుంచి వచ్చిన కలగలుపా? విత్తనమిచ్చిన ఊరి ఆడవాళ్ళని మడి దగ్గరికి పిలిచి చూపించాం. పాలిపోయిన ఈనె, ఊదా కాండం రెండూ ఎప్పుడూ ఉండేవేనని ముగ్గురూ విడివిడిగా చెప్పారు. పొట్టి మొక్కల్ని మాత్రం ఒకరూ గుర్తుపట్టలేదు. పక్క చేలల్లో అంతకుముందెప్పుడో హైబ్రిడ్ జొన్న వేసినప్పుడు కలిసిన గింజో, పడిన పరాగమో కారణమై ఉండాలి. పొట్టిగా ఉండి ముందే పూతకొచ్చేది దాదాపుగా అదే. రెండే పీకాం, సుంకు (పుప్పొడి) రాలకముందే. తొమ్మిది నిలిచాయి.

సెప్టెంబర్ 28

జొన్న కంకులకి సంచులు కడుతున్నాం. జొన్న సొంత పరాగంతోనే ఎక్కువగా పండుతుంది గానీ నూటికి ఐదు నుంచి పదిహేను గింజల వరకు పరపరాగమే. వదులు కంకి రకాల్లో అది ఇంకా ఎక్కువ.

ఎప్పుడు కట్టాలన్నదే కీలకం. కంకి ఆకు తొడుగులోంచి పూర్తిగా బయటపడాలి, కొనన పూత ఇంకా మొదలుకాకూడదు. జొన్న పైనుంచి కిందికి పూస్తుంది. కొనన పసుపు సుంకు వేలాడుతూ కనిపిస్తే ఆ భాగాన్ని కత్తెరతో కోసి పారేసి, మిగిలిన కంకికి సంచి తొడగాలి. ఖాకీ కాగితం సంచి, పొడవు 40 సెంటీమీటర్లు, వెడల్పు 15. కంకి కిందే ఉండే జెండా ఆకును తీసేసి, సంచి మూతిని కాండం చుట్టూ మడిచి జెమ్ క్లిప్పు పెట్టాలి. దారంతో కడితే కాండం లావెక్కినప్పుడు కోసుకుంటుంది. సంచి మీద తేదీ రాయాలి. రోజూ పొద్దున్నే మడి చుట్టి రావలసిందే. ఒక రోజు తప్పితే పది కంకులు చేజారతాయి.

ఇలా సంచి కట్టడంవల్ల బయటి పరాగంతోపాటు రకం లోపలి మొక్కల మధ్య కలయిక కూడా ఆగిపోతుంది. ఏటేటా ఇదే చేస్తే అదీ నష్టమే. పదేళ్ళకొకసారి పునరుత్పత్తికి మాత్రమే గనక ఒప్పుకున్నాం.

అక్టోబర్ 14

తప్పు జరిగింది. జొ-03లో మొదట కట్టిన 38 సంచుల్ని తీయకుండా వదిలేశాం. మధ్యలో నాలుగు రోజులు ముసురు పట్టింది. విప్పి చూస్తే 17 కంకులకి నల్ల బూజు, ఆరింటిలో పురుగు. సంచి లోపల వేడి, తేమ, పక్షి ముక్కు అందని చోటు, పురుగుకి ఇంతకంటే ఏం కావాలి. పూత మొత్తం అయ్యేది తొమ్మిది రోజుల్లోపే. కట్టిన పది పన్నెండు రోజులకి సంచి తీసేయవచ్చు, అప్పటికి అంటుకోవలసిన పరాగం అంటుకుని ఉంటుంది. తరవాత పిట్టలకి అడ్డుగా సన్న వల సంచి. పట్టిక తయారైంది: కట్టిన తేదీ, తీయవలసిన తేదీ రెండూ కట్టేటప్పుడే రాయాలి.

బూజు కంకుల్ని పూర్తిగా వదిలేయలేదు. ఒక్కోదాని నుంచి బాగున్న గింజల్ని చేత్తో ఏరి, విడిగా ఉంచాం. వాటిని వదిలేస్తే 160లో 17 మొక్కల వంశం పోతుంది.

నవంబర్ 9

వలిసెల మడి నిండా పసుపు. 12 పూలకి జొన్నలాగే సంచి కట్టి చూశాం, వాటిలో గింజలన్నీ దాదాపు తాలే. వలిసె తన పరాగాన్ని తాను ఒప్పుకోదు, వేరే మొక్కది కావాలి, తేనెటీగ తేవాలి. దీనికి సంచి, వల ఏవీ పనికిరావు. తేనెటీగలు తిరిగే దూరంలో ఇంకో వలిసెల చేను లేకుండా చూసుకోవడం ఒక్కటే దారి. చుట్టూ ఎక్కడా లేదు. 300 మొక్కలు వేయడం మంచిదయింది.

నవంబర్ 21

కంది పూత. కందిలో పరపరాగం జొన్నకంటే చాలా ఎక్కువ, చోటునిబట్టి మారుతుంది, పెద్ద తేనెటీగలు ఎన్ని ఉంటే అంత. ఆరు మీటర్లకి నాలుగున్నర మీటర్ల మడి, 90 సెంటీమీటర్ల దూరంలో ఐదు సాళ్ళు, 30 సెంటీమీటర్లకొక మొక్క, మొత్తం 100. పూత మొగ్గ కనబడగానే దోమతెర వల కప్పాం. వెదురు నిట్రాళ్ళ ఎత్తు రెండు మీటర్ల పది. అది చాలలేదు. నాటు కంది పైకి లేచి వలకి ఆనుకుంది, ఆనుకున్న పూల మీద తేనెటీగలు బయటినుంచే వాలాయి. కొమ్మల్ని లోపలికి వంచి కట్టి, ఆనుకున్న పూలని తుంచేశాం. వచ్చే ఏడు ఎత్తు మూడు మీటర్లు.

వల లోపల శనగపచ్చ పురుగు విజృంభించింది. తల్లిపురుగు వల కప్పకముందే గుడ్లు పెట్టింది, లోపలికి పిట్టలు రావు, కందిరీగలు రావు. వేపగింజల కషాయం 5 శాతం రెండుసార్లు కొట్టి, పొద్దునపూట చేత్తో ఏరాం. కప్పే ముందు రోజే ఒకసారి కషాయం కొట్టి ఉంటే ఇంత ఏరుడు ఉండేది కాదు.

కందికి వల లేకుండా చేయడం శుద్ధ దండగ. అందుకే నాలుగు రకాలకి నాలుగేళ్ళు, ఏడాదికొకటి.

డిసెంబర్ 2

జొన్న, కొర్ర నూర్పిడి. కొర్ర సెప్టెంబర్‌లోనే కోశాం. అది సొంత పరాగం పంట గనక సంచి కట్టలేదు. జొన్న జొ-02 నుంచి 120 కంకులు మిగిలాయి. అన్నిటినీ కలిపి దంచలేదు. ఒక్కో కంకిని విడిగా రాల్చి, ఒక్కోదాని నుంచి 60 గింజలు తీసి కలిపాం. లేకపోతే పెద్ద కంకి మొక్కలు నిల్వని ఆక్రమిస్తాయి, సన్న కంకివి రెండు మూడు తరాల్లో కనబడవు. 7,200 గింజలు, తూకం 216 గ్రాములు. మిగిలిన గింజంతా పంపకానికి.

నూర్చే పరదాని రకం మారినప్పుడల్లా దులపడం కాదు, మడతల్లోకూడా బ్రష్‌తో తుడవాలి. చాట, జల్లెడ కూడా.

జనవరి 18

కంది కోత, నూర్పిడి ముగిశాయి. 100లో 91 మొక్కల నుంచి సమంగా గింజ తీసి కలిపాం. మొత్తం కిలోన్నర.

ఫిబ్రవరి 4

ఆరబెట్టే పని. జనవరి చివర, ఫిబ్రవరి ఇక్కడ గాలి పొడిగా ఉండే రోజులు. వానాకాలంలో ఈ పని పెట్టుకుంటే తేమ పీల్చే సిలికాజెల్ తడవడానికే సరిపోతుంది.

ముందు తేమ ఎంతుందో తెలియాలి. మెత్తగా ఆడించిన 5 గ్రాముల జొన్నపిండిని మూత ఉన్న చిన్న డబ్బాలో 103 డిగ్రీల ఓవెన్లో 17 గంటలు ఉంచితే 4.375 గ్రాములు మిగిలింది. 0.625 గ్రాములు నీరు, అంటే 12.5 శాతం. రెండు నమూనాలు పెట్టాలి, తేడా ఎక్కువుంటే మళ్ళీ చేయాలి. ఓవెన్ లేనిచోట ఉప్పు పరీక్ష కొంత చెబుతుంది: ఎండిన ఉప్పు, గింజలు గాజు సీసాలో వేసి ఊపి పది నిమిషాలు ఆగితే, ఉప్పు గాజుకి అంటుకుంటే గింజ బాగా పచ్చిగా ఉన్నట్టు. అంటుకోకపోతే నిల్వకి సిద్ధమని కాదు, మొదటి గండం గడిచిందని మాత్రమే.

ఇక లక్ష్యం తూకం. ఆరాక ఉండవలసిన బరువు కావాలంటే ఇప్పటి బరువుని వందలోంచి ఇప్పటి తేమ తీసేసిన అంకెతో గుణించి, వందలోంచి కావలసిన తేమ తీసేసిన అంకెతో భాగించాలి. కిలో జొన్న 12.5 నుంచి 7 శాతానికి: 1000 × 87.5 ÷ 93 = 941 గ్రాములు. కంది 1,500 గ్రాములు 11.8 నుంచి 8కి: 1,438 గ్రాములు. ఇక రోజూ ఓవెన్ అక్కర్లేదు, త్రాసు చాలు. కందిని 8 కంటే కిందికి దింపలేదు. పొట్టు చిట్లుతుంది, రాతి గింజలు పెరుగుతాయి.

రబ్బరు పట్టీ మూత ఉన్న డ్రమ్ములో అడుగున సిలికాజెల్, పైన గుడ్డ సంచుల్లో గింజ. బరువుకి బరువు. లోపల చిన్న డిజిటల్ తేమమీటర్, 20 శాతం దరిదాపుల్లో నిలవాలి. నారింజ రంగు జెల్ పచ్చబడగానే మార్చాలి. నీలం రంగుది కొనకండి, అందులో కోబాల్ట్ ఉంటుంది, గింజల దగ్గర అది వద్దు. పచ్చబడ్డ జెల్‌ని ఓవెన్లో 110, 120 డిగ్రీల మధ్య వేడి చేస్తే మళ్ళీ నారింజకి వస్తుంది. పెనం మీద వేయించి చూశాం, అడుగున ఉన్నవి మాడి నల్లబడ్డాయి. ఇక అవి రంగు చెప్పవు.

జొన్న 9 రోజుల్లో, మూడుసార్లు జెల్ మార్చాక, 941కి దిగింది. కందికి 16 రోజులు.

ఫిబ్రవరి 23

ఫ్రిజ్ కొనాలా, ముందు ఎండబెట్టాలా అన్న ప్రశ్నకి పాత లెక్క ఒకటి బాగా ఉపయోగపడింది. తేమ ఒక శాతం తగ్గిన కొద్దీ విత్తనం ఆయుష్షు రెట్టింపు. ఉష్ణోగ్రత 5 డిగ్రీలు తగ్గిన కొద్దీ రెట్టింపు. ఇది ఉజ్జాయింపే, అన్ని హద్దుల్లోనూ పనిచేయదు. అయినా 12.5 నుంచి 7.5కి దింపితే ఐదు రెట్టింపులు, 32 రెట్లు. 30 డిగ్రీల గదినుంచి 5 డిగ్రీల ఫ్రిజ్‌కి మార్చినా ఐదు రెట్టింపులే. మొదటిదానికి కొన్ని కిలోల సిలికాజెల్ చాలు, రెండోదానికి ఆగని కరెంటు కావాలి. డబ్బులు తక్కువున్న ఊరి విత్తన గది మొదట ఖర్చుపెట్టవలసింది జెల్ మీద, మూత గట్టిగా పట్టే డబ్బాల మీద.

స్టీలు డబ్బా మూతలు గాలి ఆపవు. నాలుగు రకాల డబ్బాల్లో నారింజ జెల్ పొట్లం వేసి, వారం నీళ్ళ గిన్నె పక్కన మూసిన పెట్టెలో ఉంచాం. స్టీలు డబ్బా, పాలిథిన్ కవర్ రెండూ పచ్చబడ్డాయి. రబ్బరు పట్టీ గాజు సీసా, వేడితో అతికించిన అల్యూమినియం రేకు సంచి నిలబడ్డాయి.

మార్చి 8

జొ-02 పొట్లాలు: 3,000 గింజలు అసలు నిల్వకి, 3,000 వేరే ఊళ్ళో పెట్టే రెండో నిల్వకి, మిగతా 1,200ని 200 చొప్పున ఆరు చిన్న పొట్లాలుగా, పరీక్షలకి. పరీక్ష కోసం పెద్ద పొట్లాన్ని తెరిస్తే అందులోకి ఊళ్ళో తేమంతా చేరుతుంది.

కంది పొట్లాల్ని అతికించాక వారం రోజులు డీప్ ఫ్రీజర్లో ఉంచాం, గింజలోపల ఉన్న పుచ్చు పురుగు గుడ్లు కూడా చావాలని. 8 శాతానికి ఎండిన గింజ దీనికి తట్టుకుంటుంది. పచ్చి గింజని పెడితే లోపలి నీరు గడ్డకట్టి మొలకే చస్తుంది. బయటికి తీసిన పొట్లాన్ని రాత్రంతా గది వేడికి రానిచ్చాకే తెరవాలి. ఒక పొట్లాన్ని చల్లగా ఉండగానే కత్తిరించాం, నిమిషంలో గింజల మీద నీటి చెమట. ఆ పొట్లం గింజ మళ్ళీ డ్రమ్ములోకి వెళ్ళింది.

ఊరి గదికి అగ్గి, వరద, ఎలుక ఏదైనా రావచ్చు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ (మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ) జీన్ బ్యాంకులో జొన్న, చిరుధాన్యాలు, కంది, శనగ, వేరుశనగ అన్నీ కలిపి నమూనాలు లక్షకి పైగా ఉన్నాయి, రాజేంద్రనగర్‌లో జాతీయ మొక్కల జన్యు వనరుల బ్యూరో ప్రాంతీయ కేంద్రం ఉంది. అలాంటి చోట నమూనా పెట్టాలంటే ముందు గ్రామ జీవవైవిధ్య రిజిస్టర్లో రకం వివరాలు ఎక్కించుకోవడం మంచిది. గింజ మన ఊరిదన్న కాగితం ఊళ్ళో ఉండాలి.

మార్చి 15

పంపకం మొదలైంది. 2001 మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 39వ సెక్షన్ ప్రకారం రైతు తన విత్తనాన్ని దాచుకోవచ్చు, వేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. బ్రాండ్ పేరు వేసి అమ్మడమే కుదరదు. మా పొట్లాల మీద రకం పేరు, నంబరు, ఊరు, మొలక శాతం, పరీక్షించిన తేదీ ఉంటాయి, ఇంకేమీ ఉండదు.

సోలెడు తీసుకున్నవాళ్ళు పంటకి రెండు సోలలు తిరిగివ్వాలి. తిరిగొచ్చిన గింజ పంపకం బుట్టలోకే వెళుతుంది, అసలు నిల్వలోకి కాదు. ఆ చేలో పక్కన ఏముందో మనకి తెలియదు.

వచ్చే ఖరీఫ్‌కి: క-03 వల కింద, నిట్రాళ్ళు మూడు మీటర్లు. కొ-02. సామ. జొ-03 బూజు కంకుల నుంచి విడిగా ఉంచిన గింజకి మొలక పరీక్ష ఏప్రిల్ మొదటి వారంలో. 70 శాతం దాటితే అసలు నిల్వలో కలుపుతాం, దాటకపోతే ఆ 17 కంకుల గింజల్ని మళ్ళీ విడి సాలులో వేస్తాం.